తడిగుడ్డల చుట్టిన దుర్బీన్

మొన్న సిరిసిల్లల మా డాబా మీద టెలిస్కోప్ అద్దానికి మంచు పట్టింది. హెయిర్ డ్రయ్యర్‌తోని ఆరబెడుతుంటే చిన్నప్పటి దుర్బీన్ యాదికొచ్చింది.

నాకు ఎనిమిదేండ్లప్పుడు, చందమామను చూపిస్తనని నాయిన దుబాయి నుంచి తెచ్చిండు. "పైలం బిడ్డా, పలుగుతది" అన్నడు. తునికాకు ఎండి పలగకుండ తడిగుడ్డల చుట్టుడు నాకు తెలుసు. దుర్బీన్‌ను గూడ గట్లనే చుట్టి పెట్టిన.

మరునాడు పొద్దుమూకినంక చూస్తే చందమామ కనవడలే. అద్దాల లోపల నీళ్లు.

నాయిన తిట్టలే. "గిట్ల చుట్టుడు ఎవలు నేర్పిండ్రు?" అన్నడు.

"అమ్మతోని రోజు బీడీలు చేస్త గద."

నాయిన మొఖం తెల్లబోయింది. దుర్బీన్ పక్కన పెట్టి, నా వేళ్లనే చూసుకుంట కూసున్నడు. నా ఒడిలకు బీడీలు చేసే చాట రావద్దనే ఆయన దుబాయి పోయిండని నాకు పెద్దయినంకనే తెలిసింది.