మూడు ఓడలు, ఒక మరుగుదొడ్డి స్టెన్సిల్

రెండు వేల ఇరవై మూడు, ఫిబ్రవరి నెల. చండ్రుగొండ దాటినంక అడవి మొదలయ్యే కాడ ఒక సర్కారు బడి ఉంది. దాని వరండా గోడ మీద ప్రపంచ పటం వేసే పని నాకు దొరికింది. నేను గోడల పెయింటర్‌ని. ఏడో తరగతిలనే బడి మానేసిన. ఆ తర్వాత నేను పోయినన్ని బళ్ళకు మా ఊర్ల ఎవ్వడూ పోలేదు. కాకపోతే నా చదువు గోడకు ఇవతలనే ఆగింది.

మా పనిల మొదట గ్రిడ్ కొడతం. గోడను సుద్ద దారంతోని గళ్ళు చేసి, చిన్న పటంల ఒక్కో గడిల ఏముందో గోడ మీది పెద్ద గడిల అదే గీస్తం. మెదడు ఇంటికాడ పెట్టి వచ్చినా పని ఆగదు. రాతలు కూడ మాకు బొమ్మలే. చదవం, గీస్తం.

సోషల్ చెప్పే లలిత టీచర్ నాకొక కాగితం ఇచ్చింది. "అన్నా, ఓడల కింద ఇందుల ఉన్నదే రాయాలె. ఒకసారి చదువుకో."

"మేడం, ఎనిమిది బళ్ళల్ల రాసిన ఇదే. నిద్రల లేపినా అప్పజెప్త" అని కాగితం మడిచి జేబుల పెట్టుకున్న.

రెండో రోజు పొద్దున సముద్రం మీద మూడు ఓడలు తేలినయి. పన్నెండింటికి వాటి కింద నల్ల ఎనామిల్‌తోని రాసుడు కూడ అయిపోయింది. కొలంబస్ అమెరికాను కనుగొన్నాడు. కుక్ ఆస్ట్రేలియాను కనుగొన్నాడు. వాస్కో డ గామా ఇండియాను కనుగొన్నాడు. నాలుగింటికి జిల్లా నుంచి ఆఫీసర్ సార్ చూడనీకి వస్తడన్నరు. ఇంకేం, బీడీ తాగుదామని గోడకు ఇవతల కూసున్న.

పిల్లలకు అన్నం వండే సోమమ్మవ్వ గంటె పట్టుకొనే వచ్చింది. కోయ ముసలామె. చదువుల నాకంటే ఏడు తరగతులే తక్కువ.

"ఏం రాసినవ్ బిడ్డా?"

"ఈ ఓడల దొరలు ఈ దేశాలను కనుగొన్నరు అవ్వా."

"అప్పటిదాంక ఆ దేశాలల్ల మనుషులు లేరా?"

"మస్తుమంది ఉన్నరు."

"మరి వాళ్ళ ఊరు వాళ్ళకు దొరకలేదా?"

నేను పకపక నవ్విన. ఆమె నవ్వలేదు. "మా గూడేనికి గూడ భూమి కొలిచే దొర ఒకడు వచ్చిండంట. వాగు దాటరాక కూసుంటే మా తాత దాటిచ్చి జావ తాపిండు. దొరేమో ఈ ఊరు నేనే కనిపెట్టిన అని రాసుకపోయిండు. దాటిచ్చినోని పేరు రాసిండా?"

అప్పుడే లలిత టీచర్ వచ్చింది. గోడ చూసి మనిషి తెల్లబోయింది.

"కాగితం చదివినవా అన్నా?"

జేబుల నుంచి తీసి చదివిన, ఆమె ముందరనే. కొలంబస్ కంటే అయిదు వందల ఏండ్ల ముందే యూరప్ ఉత్తరం దిక్కు నావికులు అమెరికా ఒడ్డున దిగిండ్రంట. ఆస్ట్రేలియాకు కుక్ కంటే చానా ముందే డచ్చోళ్ళ ఓడ చేరిందంట. గామా రాకముందే మన సముద్రంల అరబ్బుల ఓడలు, మనోళ్ళ ఓడలు తిరుగుతున్నయంట. గామాకు ఆఫ్రికా ఒడ్డున దొరికిన ఒక నావికుడే దారి చూపిండంట. అందరికంటే ముందు ఆ దేశాలల్ల మనుషులు ఉండనే ఉండిరి. సోమమ్మవ్వ గంటె పట్టుకొని చెప్పింది ఇదే.

"హెడ్ మాస్టర్ సార్ పాతదే రాయిద్దామన్నడు" అన్నది టీచర్. "నేను కొట్లాడిన. తేడా వస్తే గోడంతా సున్నం వేయించి, ఇంక గోడల జోలికే రానని మీటింగుల మాటిచ్చిన. నెల నుంచి పిల్లలకు నేను చెప్పేది ఒకటి. ఇప్పుడు గోడ చెప్పేది ఇంకొకటి. వాళ్ళ ముందు నా ముఖమేడ పెట్టుకోవాలె?"

లేచి ఒక అక్షరాన్ని వేలితోని ముట్టి చూసిన.

దేవుడు చల్లగ చూసిండు. సముద్రం నీళ్ళ రంగు, అది ఎండిపోయింది. రాతలు నూనె రంగు, అవి ఇంకా పచ్చిగ ఉన్నయి. టర్పెంటైన్ గుడ్డతోని తుడిస్తే పైది పోతది, కిందిది ఉంటది. తుడిచిన, సబ్బు నీళ్ళతోని కడిగిన, మళ్ళ నీలం కొట్టిన. ఎండ మంచిగుంది, జల్దీ ఆరింది. ఈసారి ఒక్కో అక్షరం చదువుకుంట రాసిన. మూడున్నరకు అయిపోయింది.

"మంచిగుంది గని, ఉన్నోళ్ళేరి బిడ్డా? అన్నీ ఓడలే" అన్నది సోమమ్మవ్వ.

మనుషులను గీసే టైం లేదు. నా సంచిల పాత ఎక్స్‌రే ఫిలిం కత్తిరించి చేసిన స్టెన్సిల్ ఒకటి ఉంది. గోడకు ఆనించి స్పాంజితోని అద్దితే బొమ్మ దిగుతది. ఆడ మనిషి, మగ మనిషి. మరుగుదొడ్డి తలుపుల మీద వేసేది. కండ్లు మూసుకొని అమెరికాల ఆరుగురిని, ఆస్ట్రేలియాల నలుగురిని, మన దేశంల పట్టినంతమందిని దించిన.

ఆఫీసర్ వచ్చిండు. గోడ ముందు ఆగి, "ఈ బొమ్మలు ఏడనో చూసినట్టుందే" అన్నడు. నేను స్టెన్సిల్‌ను సంచిల ఇంకా లోపలికి తోసిన. హెడ్ మాస్టర్ టీచర్ దిక్కు చూసిండు.

వంటింటి గడప కాడి నుంచి సోమమ్మవ్వ కేకేసింది. "ఓడలు రాకముందు నుంచి ఉన్నోళ్ళు సారూ!"

ఆఫీసర్ మొదటి నుంచి చివరిదాంక నిలబడి చదివిండు. "మేం చదువుకున్నది వేరే. ఇది బాగుంది" అని ఫోన్‌ల ఫోటో తీసుకున్నడు.

"మేమే ఆలోచించి వేయించినం సార్" అన్నడు హెడ్ మాస్టర్. కనుగొన్నోళ్ళ జాబితాల ఇంకొకాయన కలిసిండు. టీచర్ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ నవ్వు చూసినంకనే నేను ఊపిరి వదిలిన.

అప్పటి నుంచి కాగితం చదవందే బ్రష్ ముట్ట. ఇగ పాత ఎనిమిది బళ్ళకు ఆ స్టెన్సిల్ పట్టుకొని ఒక్కొక్కదానికి పోతున్న. ఐదు అయినయి. తల్లాడ దిక్కు మూడు మిగిలినయి. పాపం, ఆ మూడు బళ్ళల్ల అమెరికా ఇంకా ఖాళీగనే ఉంది.