తువ్వాలు కింద కితకితలు

నా చిన్నప్పుడు మా ఎమ్మిగనూరు ఇంట్లో కొన్నాళ్లు నవ్వు ఆగిపోయింది. మా తాత పోయాక జరిగిన సంగతి ఇది. ఆయన నవ్వించే కథలు రాసేవాడు. అవి ఎక్కడెక్కడో చిన్న చిన్న పత్రికల్లో అచ్చయ్యేవి. ఊళ్లో ఆయన నోటిని ఎరగనివాళ్లు లేరు గానీ, కథలు రాస్తాడని తెలిసినవాళ్లు మా ఇంటి పిల్లితో కలిపినా పదిమందికి మించరు. ఆయన కథ మొదలుపెడితే ఎక్కడో ఉన్న హొళగుందలో ఎద్దులు కూడా నెమరు ఆపి వినేవంటే మీరు నమ్మరు. నమ్మకపోతే నష్టం మీకే.

ఆ కథలన్నీ ఏరి పుస్తకం వేయాలని మా అవ్వ పట్టుబట్టింది. చదువుకున్నవాడు కాబట్టి ఆ పని తాత తమ్ముడి మీద పడింది. మా చిన్నతాత బడిపంతులు. ఆయన దగ్గితే చాలు, మూడు వీధుల అవతల పిల్లలు ఎక్కాలు అందుకునేవారు. అన్న కథలన్నీ కళ్లకద్దుకుని చేర్చాడు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ చిన్నతాత మీదే రాసింది.

ఆ రోజుల్లో ఆదోనిలో పత్తి బేరం నోటితో కాదు, చేతులతో. అమ్మేవాడూ, కొనేవాళ్ల తరఫు దలాలీ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి, పక్కవాడికి తెలియకుండా ధర చెప్పుకునేవారు. పడుచుతనంలో మా చిన్నతాత, తనంత బేరగాడు లేడని మీసం దువ్వుకుంటూ ఇంటి పత్తి బండి తోలుకుపోయాడు. ఆయన అరచేతికి కితకితలని ఎవరికి తెలుసు? దలాలి వేలు తగలగానే పకపకా నవ్వాడు. నవ్వాడంటే ఒప్పుకున్నట్టేనని దలాలి చవగ్గా బేరం ముగించాడు. ఆ తర్వాత అంగడి అంగడంతా ఆ చెయ్యి పట్టుకోవడానికి వరస కట్టిందట. మా తాతకు తన కథలన్నిట్లో ఇదే ముద్దు.

"ఇది అచ్చయితే పిలకాయలు బడిలో నా ముందరే తువ్వాలు పరుస్తారు వదినా. వద్దు," అన్నాడు చిన్నతాత.

అవ్వ వాదించలేదు. "సరేలేప్పా. కథలో నీ పేరు తీసి మీ అన్న పేరు పెట్టు. పోయినోనికి సిగ్గేముంది," అంది. ఆయన హమ్మయ్య అనుకుని అలాగే దిద్దాడు.

మర్నాడు సాయంత్రం వసారాలో ఆడవాళ్లు శెనక్కాయలు ఒలుస్తున్నారు. నేనూ ఒలుస్తున్నానని పేరు, తింటున్నాను. అవ్వ ఆ దిద్దిన కథను అందరి ముందూ చిన్నతాత చేతనే చదివించింది. కథలో మా తాత చెయ్యి తువ్వాలు కిందికి పోయేసరికి చదివే గొంతు ఆగింది.

"ఇది నిలవదు వదినా."

"ఏమైందప్పా?"

"అన్న చెయ్యి నాకు తెలీదా? గునపం పట్టి పట్టి బండరాయి అయింటుండె. దాని మీద తేలు పాకినా తెలీదు. దానికి కితకితలు యాడివి?"

"చదివేటోళ్లకేం తెలుస్తుందిలే."

"నాకు తెలుసు కదా. ఆ పొద్దు నేను నవ్విన నవ్వుకు దలాలి తలగుడ్డ ఊడి కింద పడింది. అన్న అది రాయనే లేదు. తగ్గించి రాసినాడు."

"అయితే ఆ నవ్వినోడివి నువ్వేనా సామీ?" అంది కాయలొలిచే ఒకామె.

అవ్వ చిన్నతాత భుజం మీది తువ్వాలు తీసి ఆయన చేతిమీదే కప్పింది. ఆమె వేలు ఇంకా తగలనే లేదు, ఆయన పకపకా నవ్వేశాడు. అచ్చం మా తాత నవ్వే. అవ్వ కాసేపు కళ్లు మూసుకుని ఆ నవ్వు వింది. తర్వాత తనూ నవ్వింది. ఆ నవ్వులకు లేచిన శెనక్కాయ పొట్టు తుగ్గలి దాకా ఎగిరిపోయిందని చెప్పుకుంటారు. చెప్పేది నేనే అనుకోండి.

పుస్తకంలో ఆ కథే ముందు వచ్చింది, మళ్లీ చిన్నతాత పేరే పెట్టి, కింద పడిన తలగుడ్డతో సహా. బడిలో పిల్లలు తువ్వాలు పరిచారు కూడా. ఆయన దగ్గాడు. ఒక్కరూ ఎక్కాలు అందుకోలేదు. చేసేది లేక చెయ్యి చాపాడట.

నవ్వులపాలు కావడం కంటే కథలో లేకుండా పోవడమే పెద్ద నష్టమని ఆ సాయంత్రం నా బుర్రకెక్కింది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు నా మీద కథలల్లి నవ్వుకుంటుంటే తలుపు చాటున నిలబడి వింటాను. ఎంత వెటకారం చేసినా పలకను. తగ్గించి చెప్పినప్పుడు మాత్రం లోపలికి పోయి సరిచేసి వస్తాను.