బావిలోంచి వచ్చిన బండి

1986 వేసవి. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం వెళ్ళే రోడ్డు పక్కన నాకో రేకుల షెడ్డు ఉండేది. 'టింకరింగ్ - పెయింటింగ్' అని బోర్డు నేనే రాసుకున్నాను. టింకరింగ్ అంటే సొట్టలు తీయడం, చిరిగిన రేకు అతకడం, కావాలంటే కొత్త రేకు కొట్టి ఆకారం తీసుకురావడం. ఇంజను పని నాది కాదు. కానీ మనిషి మనసు పడేది బండి ఒంటి మీదే గనక, నాకు పనికి ఎప్పుడూ కొదవ లేదు.

ఆ రోజుల్లోనే జపాన్ రకం వంద సీసీ బళ్ళు కొత్తగా ఊళ్ళోకి దిగాయి. పలకలు తేలిన ట్యాంకు, నలుచదరపు హెడ్‌లైటు, తోకలా పైకి లేచిన వెనక భాగం. వాటి పక్కన మా కాలం బళ్ళు ముసలివైపోయాయి. కొత్తది కొనలేని కుర్రకారంతా పాతవాటికి కొత్త ఒళ్ళు తొడిగించుకోడానికి నా దగ్గరికి వచ్చేవారు. హెడ్‌లైటు చుట్టూ కట్టే తొడుగుని 'డూమ్' అంటారు. సీటు చివర తోకని 'కౌల్' అంటారు. ఆ ఏడాది నేను కొట్టినన్ని డూములూ కౌల్సూ మళ్ళీ ఎప్పుడూ కొట్టలేదు.

ఒకరోజు మధ్యాహ్నం తోపుడు బండి మీద ఒక మోటార్‌సైకిలు వచ్చింది. పక్కన నడిచి వచ్చినాయన మెయిన్ రోడ్డులో బట్టల కొట్టున్న సత్యనారాయణ గారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. ఆయన సైకిలు తప్ప మరొకటి ఎక్కగా ఎవరూ చూడలేదు.

బండి రెండు సైలెన్సర్ల పాత టూ ఫిఫ్టీ, స్పోర్ట్స్ మోడల్. మడ్‌గార్డులు లేవు, లైట్లు లేవు. సైలెన్సర్లు సగానికి కోసేసి ఉన్నాయి. ట్యాంకు ఒక పక్క రంగంతా పోయి, ఇనుము నున్నగా మెరుస్తోంది. ఎక్సలేటర్ తిప్పి వదిలితే వెనక్కి రాలేదు. తిప్పినచోటే ఆగిపోయింది.

"దీన్ని ఆ కొత్త జపాన్ బళ్ళలాగా చేసిపెట్టాలండి," అన్నారాయన. "ఎంత బాగా అంటే, ఇది ఏ బండో ఎవరూ పోల్చుకోకూడదు."

నాకు అనుమానం వచ్చింది. ఎవరూ పోల్చుకోకూడదని అడిగేది దొంగసొత్తు తెచ్చినవాళ్ళే. ఆయన అలాంటి మనిషి కాదని తెలుసు, అయినా భయం భయమే.

"ఏమనుకోకండి సత్యనారాయణ గారూ. బండి ఎవరిదో తెలియకుండా నేను చెయ్యి పెట్టనండి."

"రేపు మా ఇంటావిణ్ణి తీసుకొస్తానండి. ఆవిడే చెప్తుంది," అన్నారు.

మర్నాడు రిక్షా దిగి ఆవిడ వచ్చింది. పేరు కమల. ముప్ఫై దాటి ఉంటాయి. నేత చీర, చేతినిండా గాజులు. లోపలికి వచ్చి నన్ను పలకరించకుండానే బండి దగ్గరికి వెళ్ళింది. హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. వేసి, మేం ఇద్దరం ఉన్నామని గుర్తొచ్చినట్టు తీసేసింది.

"ఇది నాదండి మేస్త్రి గారూ," అంది. "పెద్దాపురం మరిడమ్మ జాతరలో బావిలో తిరిగింది ఇదే."

అప్పుడు నాకు అర్థమైంది. చెక్క పలకలతో గుండ్రంగా బావిలాగా కట్టి, ఆ గోడల మీద మోటార్‌సైకిలు నడిపే ఆట అది. జనం మెట్లెక్కి పై అంచు చుట్టూ నిలబడి లోపలికి చూస్తారు. ఆ ఆటలో చేతులు వదిలేసి తిరుగుతారు గనక ఎక్సలేటర్ స్ప్రింగు తీసేస్తారు. ఒక కాలు ట్యాంకు మీదకి మడిచి, పక్కకి తిరిగి కూర్చుని నడుపుతారు. రంగు పోయింది అందుకే. ఒక ఆషాఢంలో నేనూ చూశాను, ఎర్ర చొక్కా వేసుకుని తిరిగిన ఒక అమ్మాయిని. ఆ అమ్మాయి ఈవిడేనా అని అడగలేకపోయాను.

ఆట వాళ్ళ నాన్నది. జాతరకి బట్టల దుకాణం పెట్టడానికి వెళ్ళిన సత్యనారాయణ గారు ఆ బావి అంచు మీద నిలబడి ఆవిణ్ణి చూశారు. ఆ తరవాత మూడు జాతరలకి వరసగా వెళ్ళారు. ఇంట్లో పెద్ద గొడవే అయింది. చివరికి తల్లి ఒప్పుకుంది, కానీ ఆ ఆట సంగతి ఇంట్లో వినపడకూడదంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వినపడలేదు.

"మొన్న మా నాన్న పోయారండి," అంది కమల గారు. "నాకు ఇవ్వమని చెప్పి పోయారట. బండి లారీలో వచ్చింది. మా అత్తగారు గుమ్మం దాటనివ్వలేదు. 'ఈ బండి మన వాకిట్లో నిలబడితే జనానికి బండి కనపడదే, నువ్వు బావిలో తిరగడం కనపడుద్ది' అన్నారు."

తప్పు పట్టి చెప్పలేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది.

సత్యనారాయణ గారు అందుకున్నారు. "పాత ఇనుముకి వేసేశానని అమ్మకి చెప్పానండి. మీరు ఒళ్ళు మార్చేస్తే, మీ దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నానని ఇంటికి తీసుకెళ్తాను. నడపడం నేనూ నేర్చుకుంటాను. వాకిట్లో ఉంటే చాలు. ఆవిడ కళ్ళ ముందు ఉంటుంది."

భార్య కోసం అబద్ధాన్ని ఇంత కష్టపడి కట్టుకుంటున్న మనిషిని కాదనలేకపోయాను.

పని మొదలుపెట్టాను. పాత మడ్‌గార్డులు లేకపోవడం ఒకందుకు మంచిదే అయింది. పక్కలకి పలకల ప్యానెళ్ళు, ముందు డూమ్, వెనక కౌల్ రేకుతో కొట్టాను. సుత్తి దెబ్బకి రేకు చితకకుండా వెనక ఆనించి పట్టుకునే ఇనప దిమ్మని 'డాలీ' అంటాం. ఆ డాలీ, సుత్తీ మధ్యే మా పనితనమంతా. సైలెన్సర్లు కొత్తవి వేయించాను. ఎక్సలేటర్‌కి స్ప్రింగు పెట్టించాను.

మిగిలింది ట్యాంకు. పాతది గుండ్రంగా కోడిగుడ్డులా ఉంది. దాన్ని కోసి పలకలుగా మార్చాలి, లేదా పాతదాని మీదే కొత్త రేకు తొడగాలి. రెండోది తేలిక. పైగా రంగు పోయిన ఆ చోటు మీద సుత్తి వెయ్యడానికి నాకు మనసొప్పలేదు. కబురు పెడితే కమల గారు వచ్చింది.

"పాత ట్యాంకు లోపల అలాగే ఉంటుందమ్మా. పైకి మాత్రం కొత్తది కనపడుతుంది. ఎప్పుడైనా కావాలంటే పై రేకు విప్పేయొచ్చు," అన్నాను.

సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ చాలాసేపు ఆ చోటుని చూస్తూ ఉండిపోయింది.

"వద్దండి మేస్త్రి గారూ. లోపల ఉందని తెలిస్తే గోరు పెట్టి గీకాలనిపిస్తాది. కోసేయండి."

పెట్రోలు ట్యాంకు కోసేముందు లోపల నీళ్ళు నింపాలి, లేకపోతే ఆవిరికి మంట అంటుకుంటుంది. నేను నీళ్ళు పోస్తుంటే ఆవిడ అక్కడే నిలబడింది. గ్యాసు వెలిగించాక మాత్రం వెళ్ళిపోయింది.

పుట్టీ, ప్రైమరు, దాని మీద నల్లరంగు, పక్కన ఎర్ర గీత. పూర్తయ్యేసరికి నేను చేసినదాన్ని నేనే పోల్చుకోలేకపోయాను. బండి తీసుకెళ్ళడానికి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయన చుట్టూ తిరిగి చూసి మురిసిపోయారు. ఆవిడ మెల్లగా, "ఒక్కసారి నడపనా?" అని అడిగింది. నన్నో ఆయన్నో తెలియలేదు.

ఆయన రోడ్డు అటూ ఇటూ చూశారు. "కాలవ గట్టు మీదకి వెళ్ళు. ఈ ఎండలో అటు ఎవరూ ఉండరు."

ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కింది. ఒక్క కిక్కుకే స్టార్టయింది. గట్టు మీద మట్టి దారిలో కాలవ వెంట వెళ్ళింది. వంపు దగ్గర చేతులు రెండూ హ్యాండిల్ మీంచి లేచాయి. సత్యనారాయణ గారు నా భుజం గట్టిగా పట్టుకున్నారు. బండి వెంటనే నెమ్మదించింది, ఆవిడ మళ్ళీ హ్యాండిల్ పట్టుకుంది. తిప్పుకుని వచ్చేసింది.

"స్ప్రింగు పెట్టారా?" అని అడిగింది దిగుతూ.

"రోడ్డు మీద ఉండాల్సిందే కదమ్మా."

"ఆయ్. ఉండాల్సిందే." కొంగుతో మొహం తుడుచుకుంది. "బాగా చేశారండి. కానీ నేల మీద ఇది మామూలు బండేనండి."

సీటు మీద చెయ్యి వేసి చెప్పింది. "అడుగున కొన్ని చుట్లు తిరిగి గోడ ఎక్కుతామా, అప్పుడు ఒక్కసారిగా బరువు పోద్దండి. బండి బరువూ, నా బరువూ. గోడే నేలవుద్ది. ఇన్నాళ్ళూ ఈ బండి కోసం బెంగ పెట్టుకున్నాననుకున్నాను. బండి కాదన్నమాట."

ఆయన బండిని స్టాండు మీంచి దించుతూ మొహం అటు తిప్పుకున్నారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన బండి తోసుకుంటూ, ఆవిడ పక్కన నడుస్తూ వెళ్ళారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. తొలకరి వానలు పడ్డాక ఒక సాయంత్రం రిక్షా ఆగింది. అందులోంచి గొడుగు పట్టుకుని ఒక పెద్దావిడ దిగింది. సత్యనారాయణ గారి తల్లి.

బల్ల మీద కూర్చోబెట్టాను. ఆవిడ షెడ్డంతా ఒకసారి చూసి, "మావాడు బండి కొన్నది నీ దగ్గరేనా నాయనా?" అంది.

"అవునండి అమ్మగారూ."

"ఎవరిది?"

"కాకినాడ నుంచి వచ్చిందండి," అన్నాను. ముందుగా అనుకున్న అబద్ధమే.

ఆవిడ నవ్వింది. "బాగానే నేర్పాడు మావాడు. బండి ఇంటికొచ్చిన రోజు వీధి వీధంతా వచ్చి చూసింది. నేనూ చూశాను. మా కోడలు వంటింట్లోంచి వచ్చి, దానివంక కన్నెత్తి చూడకుండా తులసికోటలో నీళ్ళు పోసుకుని లోపలికెళ్ళిపోయింది. కొత్తదాన్ని చూడకుండా ఎవరుంటారు నాయనా? ఇది ఆ పాత బండేనని అప్పుడే తెలిసింది నాకు."

నేను చేతిలో సుత్తి కింద పెట్టాను.

"వాళ్ళకి చెప్పకు. తెలియలేదనే అనుకోనీ." గొడుగు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "ఆ ఆట నేనూ చూశాను. సంబంధానికి ముందు, పిల్లెవరో చూద్దామని, మావాడికి చెప్పకుండా టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాను. బండి మీద అంచుదాకా వచ్చి జనం చేతుల్లోంచి నోట్లు లాక్కుపోయేది. నేనూ ఒకటి చాపాను. తీసుకుంది. నన్ను చూసింది కూడా కాదు. ఆ మొహంలో ఎంత సంతోషముందో చెప్పలేను."

"మరి అంత చూసి కూడా ఆటమాట వద్దన్నారేంటండీ?"

"అందుకే వద్దన్నాను. మా ఇంట్లో దానికి ఏ లోటూ చెయ్యలేదు నాయనా. నగలు పెట్టాను, తాళాలు ఇచ్చాను. అది కూడా నన్ను తల్లిలా చూసుకుంటాది. కానీ ఆ మొహం మాత్రం మా ఇంట్లో ఒక్కరోజూ చూళ్ళేదు. ఆ బండి ఎదురుగా ఉంటే వెళ్ళిపోతుందేమోనని భయమేసింది."

టీ తెప్పిస్తానంటే వద్దంది. లేచి నిలబడి, అసలు వచ్చిన పని అప్పుడు అడిగింది.

"ఈ ఏడు జాతరకి ఆ బావి వస్తుందా? మా కోడలి బంధువులెవరైనా నడుపుతున్నారా?"

"లేదండి. కమల గారి నాన్న పోయాక పలకలు కూడా అమ్మేశారట."

"ఇంకెవరిదైనా?"

లారీ డ్రైవర్లని అడిగి కనుక్కుంటానన్నాను. తరవాత నిజంగానే అడిగాను కూడా. మన వైపు ఆ ఆట రావడం మానేసిందన్నారు.

"వస్తే నేనే తీసుకెళ్దామనుకున్నాను," అని ఆవిడ రిక్షా ఎక్కింది.

ఆ తరవాత చాలా ఏళ్ళు ఆ పని చేశాను. ఎన్నో బళ్ళకి పాత ఒళ్ళు ఒలిచి కొత్తవి తొడిగాను. ఆ ఇంటి బండి నాకు నేర్పింది ఒక్కటే. అప్పటిదాకా బండి రాగానే రేకు మందం చూసేవాణ్ణి. తరవాత ముందుగా ఒక మాట అడగడం అలవాటు చేసుకున్నాను. "దీన్ని బాగా నడిపిన మనిషి ఎవరండీ? కొయ్యకముందు ఒకసారి వాళ్ళని తీసుకొస్తారా?" కొందరు నవ్వి ఊరుకునేవారు. కొందరు తీసుకొచ్చేవారు, ఒక తండ్రినో అన్ననో. వాళ్ళు వచ్చి బండి పక్కన నిలబడగానే, నేను ఎదురుగా ఉన్న కొట్టుకి టీ తాగడానికి వెళ్ళిపోయేవాణ్ణి. వాళ్ళంతట వాళ్ళు బయటికి వచ్చేదాకా తిరిగి వచ్చేవాణ్ణి కాదు.