డేనియల్ వద్దన్న మందు

2006లో నేను లోవర్ హట్ అనే ఊళ్లో డిస్ట్రిక్ట్ నర్సుని. అంటే రోగుల ఇళ్లకే వెళ్లి కట్లు మార్చడం, ఇంజెక్షన్లు ఇవ్వడం, చివరి దశలో ఉన్నవాళ్లకు బాధ తగ్గేలా చూడడం. ఆ చలికాలం నాకు అప్పగించిన ఇళ్లలో డేనియల్ వాళ్లది ఒకటి.

డేనియల్‌ది వరంగల్. నలభై దాటాయంతే. భార్య సునీత హైదరాబాద్‌లో ఫార్మసిస్టుగా చేసింది. ఆ చదువు ఈ దేశంలో చెల్లాలంటే మళ్లీ పరీక్షలు రాసి, మందుల షాపులో ఇంటర్న్‌గా పనిచేసి, రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలి. ఆమె చదువుకోవడం కోసం అతను ఏళ్ల తరబడి టాక్సీ నడిపాడు. ఇంటర్న్‌షిప్ సగంలో ఉండగా అతనికి పాంక్రియాస్ క్యాన్సర్ బయటపడింది.

నొప్పి సిరింజ్ డ్రైవర్‌తో అదుపులోకి వచ్చింది. చర్మం కిందికి రోజంతా కొంచెం కొంచెంగా మందు పంపే చిన్న యంత్రం అది. వాంతులు మాత్రం ఏ మందుకూ లొంగలేదు. అన్నం వాసన తగిలితే చాలు, మొహం గోడవైపు తిప్పుకునేవాడు.

ఒకరోజు వెళ్లేసరికి లేచి కూర్చుని ఉన్నాడు.

"అక్కా, నిన్న పప్పన్నం తిన్న. కడుపుల నిలిచింది," అన్నాడు.

సునీత నా దగ్గర ఏమీ దాచలేదు. పక్కింటి జోన్ అనే పెద్దావిడ తన కీళ్లనొప్పులకు గంజాయి ఆకు వేసి బిస్కెట్లు చేసుకుంటుందట. ఏం కలిపిందో చెప్పే ఒకటి ఇచ్చింది. డేనియల్ సగం తిన్నాడు.

"తప్పని తెల్సక్కా. కానీ ఎన్నాళ్లకు తిన్నడో! చూస్కుంట కూసున్న," అందామె.

మిగతా మందులతో కలిస్తే ఏమవుతుందోనని డాక్టరుకు చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఇంట్లో చేసినదాన్ని వాడమని చెప్పలేను. మందు రూపంలో కావాలంటే ఆరోగ్య మంత్రి అనుమతి కావాలి. అది వచ్చేదాకా ఇతను ఉండకపోవచ్చు," అన్నారు.

కాలిఫోర్నియాలో ఉన్న సునీత అన్న ఫోన్ చేస్తే, డేనియల్ గంజాయి మందు గురించి ఆయన్ని కూడా అడిగాడు. అక్కడ డాక్టరు రాసిస్తే రాష్ట్ర చట్టం ఒప్పుకుంటుందట, ఫెడరల్, అంటే కేంద్ర చట్టం ప్రకారం మాత్రం నేరమేనట. "నా వీసా ఇచ్చింది ఫెడరల్ వాళ్లు బావా. నాకు రోగమొచ్చినా నేను ముట్టుకోను," అన్నాడట ఆయన.

ఆ మాట చెప్పి డేనియల్ నీరసంగా నవ్వాడు. "ఒక చట్టం ఒప్పుకున్నా, మనసొంటోళ్లకు వద్దనే చట్టమే వర్తిస్తది అక్కా."

ఆ తర్వాత బిస్కెట్టు ముట్టలేదు. జోన్ ఇంకోటి తెస్తే తలుపు దగ్గర్నుంచే పంపించేయమన్నాడు. మళ్లీ వాంతులు మొదలయ్యాయి. ఎందుకు వద్దంటున్నావని అడిగాను. సునీత వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, మెల్లగా చెప్పాడు.

"ఎవరన్న పోలీసులకు చెప్పిన్రనుకో. మందుల షాపుల పనిచేసే మనిషింట్ల గంజాయి దొరికిందంటే ఆమెకు రిజిస్ట్రేషన్ ఇస్తరా? నేనెట్లాగూ పోతున్న. ఆమె చదువు కూడ పట్కపోవాల్నా?"

అలా కాదని భరోసా ఇవ్వడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. అతని చేతిని కాసేపు పట్టుకుని కూర్చున్నాను.

వసంతం రాకముందే పోయాడు. చివరి వారం మంచినీళ్లు కూడా నిలవలేదు. సునీత తడిగుడ్డతో పెదాలు తుడుస్తూనే ఉంది. తను ఎందుకు వద్దన్నాడో ఆమెకు చెప్పవద్దని నన్ను కోరాడు. చెప్పలేదు. అంత్యక్రియల రోజు ఆమే అంది: "నాకోసమే కదక్కా?"

సునీత పరీక్షలు పాసై రిజిస్టర్ అయింది. కొన్నేళ్ల తర్వాత వేరే రోగి మందుల కోసం ఆమె పనిచేసే షాపుకి వెళ్లాను. కౌంటరు దాటి వచ్చి నన్ను పక్కకు తీసుకెళ్లింది.

"గంజాయి నుంచి తీసిన స్ప్రే ఒకటి పోయిన వారం ఇచ్చినం అక్కా, మంత్రి అనుమతితోని. లేబుల్ నేనే అంటించిన. నోట్ల ఎట్ల కొట్టుకోవాల్నో కూడ నేనే చెప్పిన."

"ఆ మనిషికెలా ఉంది?"

"తింటున్నడంట," అని అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు ఏ రోగైనా మందు వద్దంటే వెంటనే దాని గుణాలు చెప్పడం మొదలుపెట్టను. మంచం పక్కకు కుర్చీ జరుపుకుని, ఎవరికి ఏమవుతుందని భయపడుతున్నారో ముందు అడుగుతాను.