అరణపు నట్టలు

సదానందాన్ని మెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. పక్కింటివాడు, నాతో ఒకే బడిలో చదివినవాడు. కానీ ఆయన నోరు తెరిచాడంటే నా ప్రయత్నం కాస్తా మట్టికొట్టుకుపోయేది.

జనగామకు దగ్గరలోని మా ఊళ్లో గొర్రెల కాపరుల సంఘానికి ఆయన అధ్యక్షుడు. మంద వెంట నడిచి ఏళ్లు దాటింది. ఇస్త్రీ చొక్కాకు పేడ అంటుతుందని దొడ్డి గుమ్మం కూడా తొక్కడు. నోరు మాత్రం ఊరుకోదు. "మా గొర్లంటే మూడు జిల్లాలల్ల పేరు" అంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మా దిక్కు ఆడపిల్ల పెళ్లికి పుట్టింటివాళ్లు అరణం ఇస్తారు. గొర్రెలు కాసేవాళ్ల ఇళ్లలో అరణమంటే గొర్రెలే. పిల్ల వాటితో అత్తగారి ఊళ్లో సొంత మంద కట్టుకుంటుంది. ఆ మంద మీద పెత్తనమంతా ఆమెదే. మంచి ఆచారమే, సదానందం చేతిలో పడేదాకా. చెల్లెళ్ల పెళ్లిళ్లప్పుడు ఇస్త్రీ చొక్కా విప్పి మరీ దొడ్డిలోకి దిగాడు. మందలో వెనకబడేవాటిని, మేత సరిగా మేయనివాటిని ఏరాడు. వాటికి పసుపు రాసి, దండలు వేసి, పెద్ద చెల్లెలు జమునతో మహబూబాబాద్ జిల్లా బయ్యారానికి, చిన్న చెల్లెలు భాగ్యతో భూపాలపల్లి అవతలి ఊరికి పంపాడు. పసుపు కింద ఏ రోగముందో పెళ్లిలో ఎవరు చూస్తారు?

నట్టల మందు దగ్గరా అదే బుద్ధి. నట్టలంటే జీవాల కడుపులో చేరే పురుగులు. వాటిలో దారపు పోగంత సన్నది ఒకటి గొర్రె పొట్టకు కరుచుకుని నెత్తురు తాగుతుంది. సగం మందకు సరిపోయే సీసాలో ఆయన నీళ్లు కలిపించి మంద మొత్తానికి పోయించేవాడు. "జర పల్చగ పోస్తెనే జీవానికి మంచిది" అని పైగా మాకు పాఠం చెప్పేవాడు. ఆ పల్చటి మందుకు నీరసపు నట్టలు చచ్చేవి. మొండివి బతికి గుడ్లు పెట్టేవి. ఏటేటా ఆయన మొండి సంతానాన్నే పెంచాడు.

నిరుడు వానాకాలంలో భాగ్య ఫోన్ చేసింది. ఊరంతా వినేలా స్పీకర్ పెట్టి మాట్లాడటం ఆయన అలవాటు కాబట్టి నేనూ విన్నాను.

"అన్నా, గొర్ల దవడల కింద నీళ్లు దిగినయి. కండ్ల రెప్పల లోపట తెల్లగ పాలిపోయినయి. నట్టల మందు పోసినా ఆగుతలెవ్వు. గీ మంద పోతే నాకంటూ ఏం మిగులది. ఒక్కసారొచ్చి చూసిపోరాదు."

"మీ అడివి గడ్డి అసొంటిది. మా గొర్లకు గసొంటి రోగాలు రావు" అని పెట్టేశాడు. చలి ముదిరేసరికి ఆమె దొడ్డి ఖాళీ అయింది.

ఆ చలికాలంలోనే పశువైద్యం చదువుతున్న సింధూజ అనే అమ్మాయి మా సంఘం మీటింగుకు వచ్చింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మాంసం కొట్ల వెంట తిరిగి, గొర్రె పొట్టల్లోంచి నట్టలు ఏరి వాటి జన్యువులు పరీక్షించిందట. భాగ్య మందలో చచ్చిన గొర్రెలనూ కోసి చూసిందట. ఆమె పిలుపు మీదే భాగ్య కూడా వచ్చి వెనక కూర్చుంది.

"ఒక్క గొర్రె పొట్టలోనే నట్టలు ఎన్నో రకాలున్నయి" అంది సింధూజ. "కానీ ఒక జిల్లా నట్టలకు ఇంకో జిల్లా నట్టలకు పెద్ద తేడా లేదు. అంత కలిసిపోయినయి. పురుగు అంత దూరం నడిచిపోదు కదా, గొర్రెలతోనే పోతది. మందుకు చావని రకం గూడ మూడు దిక్కులా ఉంది."

"భూపాలపల్లి నుంచే ఇటొచ్చిందని రాస్కో బిడ్డా" అన్నాడు సదానందం.

"ఎటు నుంచి ఎటు పోయిందో నా పరీక్ష చెప్పదు సార్."

భాగ్య లేచింది. "నేను చెప్త. నా అరణం రాకముందు మా ఊర్లె గొర్రె అన్నదే లేదు. వచ్చినంక బయటిదాన్ని ఒక్కదాన్ని కలపలే. మరి గా నట్టలు ఎవలియి, అన్నా?"

"నాకేం తెలుస్తది? గొర్రె కడుపుల దూరి చూసిన్నా?" అన్నాడు. సంఘమంతా నవ్వింది. భాగ్య కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. మంద పోగొట్టుకున్న మనిషిని చూసి నవ్వడానికి వాళ్లకు నోరెలా వచ్చిందో.

ఈ ఎండాకాలం ఆయన కూతురు తిరుమల పెళ్లయింది. మరిపెడ సంబంధం. అరణపు గొర్రెలను పందిట్లోకి తోలుకొచ్చారు. వాటికి పసుపు రాయాల్సింది మేనత్త. భాగ్య గిన్నె పట్టుకుని మొదటి గొర్రె దగ్గర కూర్చుంది. పసుపు రాయలేదు. బొటనవేలితో దాని కింది రెప్పను వంచి చూసింది. లోపల ఎర్రగా ఉంది. రెండోదాన్ని చూసింది, మూడోదాన్ని చూసింది. ఒక్కదానికీ పాలిపోయిన కన్ను లేదు.

పందిట్లో ఉన్నదంతా గొర్రెలు కాసేవాళ్లే. ఆమె ఏం చూస్తోందో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు.

"కడుపుల దూరకుంటనే మంచిగ ఏరినవ్ గదన్నా" అంది భాగ్య.

సదానందం ఇస్త్రీ చొక్కా సర్దుకున్నాడు. "బువ్వలకు లేవుండ్రి" అన్నాడు. ఒక్కరూ లేవలేదు. భాగ్య మాత్రం మేనకోడలి గొర్రెలన్నిటికీ పసుపు రాసింది.