వానరాత్రి ఇంటిపేరు

గడ్డానికి సబ్బు నురుగు పట్టిస్తూ, కొత్త మనిషైతే ముందు ఇంటిపేరే అడుగుతాడు మంగలి ఎలీజియో. అతని ఇంటిపేరు పియొవనోత్తె, అంటే వాళ్ల భాషలో వానరాత్రి. ముత్తాత అలాంటి రాత్రే చర్చి మెట్ల మీద దొరికిన పసికందు. పాదిరీ పెట్టిన పేరది. ఆ పేరుతో ఇప్పుడు ఊళ్లో మిగిలింది ఇతనొక్కడే. అరవై దాటినా దూరపు ఊళ్ల టెలిఫోన్ పుస్తకాలు తెప్పించుకుని, అదే ఇంటిపేరు కోసం పేజీల వెంట వేలు జరుపుతూ కూర్చుంటాడు. మొన్న త్రియెస్తె నగరం పుస్తకంలో ఆ పేరు కనబడింది. వెంటనే ఫోన్ చేశాడు.

"మా ఆయన పోయి వారమైందయ్యా. పిల్లల్లేరు," అంది అవతల ముసలావిడ. "ఇంతకీ ఆయనకు మీరేమవుతారు?"

ఎలీజియో పుస్తకంలో ఆ పేరు మీద వేలు ఆనించాడు. "తమ్ముణ్ణి, వదినా," అన్నాడు.

మర్నాడు కొట్టు తెరవలేదు. చావు కబుర్లు అంటించే చర్చి గోడ మీద, ఎన్నడూ ముఖం చూడని అన్న పేరు రాసిన కాగితం తన చేత్తోనే అంటించి, టోపీ తీసి నిలబడ్డాడు.