చుక్కల మేస్త్రి ముందుగది

అతన్ని అందరూ చుక్కల మేస్త్రి అంటారు. ఇళ్ళ సీలింగుల్లో గుండ్రంగా కన్నాలు కోసి, లైట్లు బయటికి పొడుచుకు రాకుండా లోపలికి కూర్చోబెట్టడం అతని పని. "పట్టపగలే చుక్కలు చూపించడం పెళ్ళాలకే వచ్చనుకున్నాం, ఈయనకీ వచ్చు" అని తోటి పనివాళ్ళు ఆటపట్టించేవారు. ఆ మాటకి అందరికంటే ముందు అతనే నవ్వేవాడు.

పని దగ్గర మాత్రం మహా చాదస్తుడు. గదిలోకి రాగానే టేపు తీయడు. "ఇక్కడ ఎవరు కూర్చుంటారు? కూర్చుని ఏం చేస్తారు?" అని ఇంటివాళ్ళ ప్రాణం తోడేస్తాడు. ఆ తర్వాతే కొలతలు. లైటుకీ లైటుకీ మధ్య నాలుగడుగులు, గోడకీ లైటుకీ మధ్య రెండు. ముందు నేలమీద సుద్దతో గీసుకుని, దారానికి గుండు కట్టి, ఆ గుర్తుల్ని సూటిగా పైకెక్కిస్తాడు. లోకంలో చీకటి అనేది అసలు లేదని, ఉన్నదల్లా తప్పుచోట పెట్టిన లైటేనని అతని నమ్మకం. పాపం, ఇరవయ్యేళ్ళు ఆ నమ్మకంతోనే అన్నం తిన్నాడు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, సొంతింటి ముందుగదిలో మాత్రం ఒకే ఒక్క ట్యూబులైటు. దాని కిందే అతని భార్య మిషను కుట్టేది. స్కూలు యూనిఫారాలు ఆవిడ దగ్గరికే వచ్చేవి, ఆవిడ కుట్టుకి వంక పెట్టినవాళ్ళు లేరు. అలాంటిది ఒకరోజు స్కూలు నుంచి నాలుగు జతలు తిరిగొచ్చాయి. నీలం లాగులకి నల్లదారం వేసిందట. తర్వాతి వారం పదకొండు జతలు తిరిగొచ్చాయి. కళ్ళ డాక్టరు చాలాసేపు చూశాడు. కంటి వెనకాల నరం ఎండిపోతోందని, మందులు వాడి చూద్దామని, పోయిన చూపు మాత్రం తిరిగి రాదని చెప్పాడు.

ఆసుపత్రి మెట్లమీదే చుక్కల మేస్త్రి తీర్పు చెప్పేశాడు.

"ఆయన మొహం, ఆయనకేం తెలుసే! ఆ ట్యూబులైటు కింద నలుపేదో నీలమేదో నాకే తెలిసి చావదు. లోపం నీ కళ్ళల్లో లేదు, మన గదిలో ఉంది."

"అంతేనంటారా?" అంది ఆవిడ, అతని మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ.

"అంతే. ఎనిమిది లైట్లు పెడతాను. చీమ నడిచినా కనిపించాలి నీకు."

మందులు వేయించడం మానలేదు కానీ, అతని ప్రాణమంతా ఆ ఎనిమిది లైట్లమీదే ఉంది. బయటి పనులు పక్కన పెట్టేశాడు. రోజూ సాయంత్రం గది బొమ్మ గీసిన కాగితం భార్య ముందు పరిచేవాడు. "వెలుగు ఎడమపక్క నుంచి రావాలండీ, సూది ఉండేది అటే కదా" అనేది ఆవిడ. "ఒకటి సరిగ్గా సూది నెత్తినే పెడతాను" అనేవాడు. "ఇక్కడేనా?" అని ఆవిడ కాగితం మీద వేలు పెట్టేది. ఆ వేలు వెళ్ళి వంటింట్లో పడేది. "అది వంటిల్లే పిచ్చిదానా!" అని పకపకా నవ్వి, ఆ వేలిని పట్టుకుని ముందుగదిలోకి జరిపేవాడు. ఎంత మూర్ఖుడో చూడండి. అయినా ఒకటి చెప్పాలి, పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ అంతంతసేపు పక్కపక్కన కూర్చున్నది ఆ నెలలోనే.

ఒక ఆదివారం మధ్యాహ్నానికి పని పూర్తయింది. లైట్ల సంగతి ఎండలో తేలదని కిటికీలు, తలుపులు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కాడు. గది కాటుకలా అయిపోయింది. భార్య మిషను ముందు కూర్చుంది.

కొత్తగా వైరింగు చేసిన చోట అతనికో అలవాటుంది. మెయిన్ వెయ్యకుండానే ముందు స్విచ్చులన్నీ ఒట్టినే నొక్కి, వేలికి బిగుతు సరిపోయిందో లేదో చూసుకుంటాడు. కరెంటు ఆ తర్వాతే. అతనితో ఒక్కరోజు పనిచేసినవాడికైనా ఆ సంగతి తెలుసు. తెలియనిది భార్యకే, సొంతింట్లో ఏనాడైనా పనిచేస్తే కదా!

చీకట్లో తడుముకుంటూ ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయాడు. ఎనిమిదోది టక్కుమనగానే భార్య గట్టిగా ఊపిరి పీల్చింది.

"అబ్బ! ఏం వెలుగండీ!"

అతని వేలు స్విచ్చుమీదే ఆగిపోయింది.

"సూదిబెజ్జం కూడా కనిపిస్తోంది. ఒక్కటి ఆపండి, కళ్ళు జిగేలుమంటున్నాయి."

ఎనిమిదో స్విచ్చు ఆపాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు హాయిగా ఉంది."

చెయ్యెత్తి, తలుపు పక్కనున్న మెయిన్ వేశాడు. గది భగ్గున వెలిగింది. ఆవిడ రెప్ప కూడా కదపలేదు. అతను ఉన్నాడనుకున్న వైపుకి, అతనికి బెత్తెడు పక్కగా, అలాగే నవ్వుతూ ఉంది.

"ఎప్పట్నుంచే?"

ఆ గొంతుతోనే ఆవిడకి అర్థమైంది. నవ్వు ఆగిపోయింది.

"మీరు నేలమీద సుద్దగీతలు గీశారు చూడండి, ఆ వారమే. పొద్దున లేచాను, లేదంతే."

"నాకు చెప్పొద్దూ?"

"చెబితే గీయడం ఆపేస్తారు కదండీ."

ఆవిడ మిషను చక్రం మీద చెయ్యి ఆనించుకుని కూర్చుంది.

"ఎన్ని వెలిగాయి?" అని అడిగింది.

"ఏడు."

"ఎనిమిది కదా పెట్టింది?"

"ఒకటి నువ్వే ఆపమన్నావు కదే" అన్నాడు, అని గోడకి తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.